యూరప్‌లో ఒక సెమిస్టర్: ముగిసిందని ఎప్పుడు అనుకోవాలి?

"ఆరు నెలలు యూరప్ పోయొచ్చినాడు, ఏం సాధించినాడు?" గాండ్లపెంట, కదిరి, తనకల్లు వైపు ఊళ్లలో పిల్లలెవరైనా ఒక సెమిస్టర్ చదువుకోసం విదేశం వెళ్లి తిరిగొస్తే ఇరుగుపొరుగు నుంచి మొదట వచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. విదేశీ చదువంటే మనకు తెలిసిన దారి వేరు. బ్యాంకు అప్పు తీసుకుని అమెరికానో, ఆస్ట్రేలియానో వెళ్లడం, రెండేళ్లు చదవడం, అక్కడే ఉద్యోగంలో చేరి అప్పు తీర్చడం. ఆరు నెలలకే పెట్టె సర్దుకుని వచ్చే చదువు మన వైపు కొత్త. వచ్చేటప్పుడు చేతిలో డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు. మరి ఏం వచ్చినట్టు?

ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు వెతకాలి. చెప్పదలచింది ఒక్కటే. విదేశంలో సెమిస్టర్ చివరి పరీక్ష రాసిన రోజుతో అయిపోదు. అక్కడ చదివింది ఇక్కడి మార్కుల జాబితాలోకి ఎక్కాలి, అక్కడ చూసింది ఇక్కడ ఎవరికైనా పనికిరావాలి. ఈ రెండూ జరిగితేనే అది ముగిసిన సెమిస్టర్. అందుకే ముగింపుకు సన్నాహం విమానం ఎక్కడానికి ముందే మొదలుపెట్టాలి.

డిగ్రీ చదువు వేరు, సెమిస్టర్ చదువు వేరు

పూర్తి డిగ్రీకి వెళ్లే విద్యార్థి విదేశీ విశ్వవిద్యాలయానికి చెందినవాడు. ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కు వెళ్లేవాడు మాత్రం ఇక్కడి కాలేజీ విద్యార్థిగానే ఉంటాడు. రెండు విద్యాసంస్థల మధ్య ఒప్పందం ఉంటుంది. మీ పిల్లల్ని మేం కొంతకాలం చదివిస్తాం, మా పిల్లల్ని మీరు చదివించండి అన్నది దాని సారాంశం. సాధారణంగా విద్యార్థి తన సొంత కాలేజీకే ఫీజు కడతాడు, అక్కడ బోధన రుసుము ఉండదు. ఇంటి అద్దె, తిండి, ప్రయాణం, బీమా ఖర్చులు మాత్రం తానే చూసుకోవాలి, లేదా ఉపకారవేతనం సంపాదించుకోవాలి.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపించింది యూరప్. 1987లో ఎరాస్మస్ పథకం మొదలైనప్పుడు 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు పొరుగు దేశాలకు వెళ్లి చదివారు. రోటర్‌డామ్‌లో పుట్టి దేశదేశాలు తిరిగి చదివిన పండితుడు ఎరాస్మస్ పేరు దానికి పెట్టారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న దేశాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుని చదివితే మళ్లీ ఆ దుస్థితి రాదన్న ఆశ కూడా దాని వెనుక ఉంది. నేటికి ఆ పథకం కింద దేశాలు దాటినవాళ్లు కోటిన్నరకు పైనే. 2004లో వచ్చిన ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ కోర్సుల్లో ఒక సెమిస్టర్ ఒక దేశంలో, మరొకటి ఇంకో దేశంలో చదువుతారు. వాటి ఉపకారవేతనాలు ఎక్కువగా అందుకుంటున్న దేశాల్లో భారత్ ముందు వరుసలో ఉంది. ఆ వేతనం ఇప్పుడు నెలకు 1,400 యూరోలు. 2015 నుంచి కొద్ది నెలల ఎక్స్‌ఛేంజ్ ప్రయాణాలకు కూడా భారతదేశంలాంటి బయటి దేశాల విశ్వవిద్యాలయాలను కలుపుకుంటున్నారు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ స్వీడన్. జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయాలు, స్వీడన్‌లోని బ్లెకింగె సాంకేతిక విద్యాసంస్థ కలిసి నడిపిన ఉమ్మడి కోర్సుల వల్ల మన బీటెక్ పిల్లలు కార్ల్స్‌క్రూనా అనే తీరపట్టణానికి వెళ్లి చదివారు. 1680లో నౌకాదళం కోసం కట్టిన పట్టణమది, 1998లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు అక్కడి మంచులో తెలుగు మాట్లాడుకుంటూ తిరిగారు.

క్రెడిట్లు: అసలు మెలిక ఇక్కడుంది

సెమిస్టర్ ముగింపులో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ట్రాన్స్‌క్రిప్ట్, అంటే అక్కడ చదివిన సబ్జెక్టులు, వచ్చిన గ్రేడ్లు, క్రెడిట్ల పట్టిక. అది సరిగ్గా రాకపోతే, వచ్చినా ఇక్కడి కాలేజీ ఒప్పుకోకపోతే, ఆ ఆరు నెలల్లో ఇక్కడ జరిగిన సబ్జెక్టులన్నీ బ్యాక్‌లాగ్‌లుగా మిగులుతాయి. జర్మనీలోనో, ఇటలీలోనో పాసైన కుర్రాడు ఇంటికొచ్చి జూనియర్లతో కలిసి పరీక్షలు రాయాల్సి వస్తుంది. అందువల్ల క్రెడిట్ల లెక్క తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలి.

యూరప్‌లో ఈసీటీఎస్ అనే ఉమ్మడి లెక్క ఉంది. ఒక విద్యాసంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ ఉంటుందని అంచనా. ఈ గంటల్లో తరగతి పాఠాలే కాదు, ఇంటిదగ్గర చదువు, ప్రయోగశాల, నివేదికలు రాయడం, పరీక్షకు తయారవడం అన్నీ లెక్కే. ఆ ప్రకారం ఒక సెమిస్టర్ అంటే 750 నుంచి 900 గంటల పని. మన దగ్గర చాలాకాలంగా క్రెడిట్ అంటే తరగతి గంటలతోనే కొలిచారు. ఇప్పుడు జాతీయ క్రెడిట్ విధానం ఏడాదికి 1,200 గంటల అభ్యాసం, 40 క్రెడిట్లు అన్న కొలత పెట్టింది. కాబట్టి అక్కడి 30 క్రెడిట్లు ఇక్కడ 30 కావు. ఏడాదికి ఏడాది పోల్చిచూస్తే 20కి దగ్గరగా వస్తాయి. ఎన్ని ఇవ్వాలన్నది చివరికి విద్యార్థి సొంత విశ్వవిద్యాలయం తేల్చాలి. ఆ మాట వెళ్లేముందే కాగితం మీద ఉండాలి.

ఆ కాగితం పేరే లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ ఏ సబ్జెక్టులు చదవాలి, అవి ఇక్కడి ఏ సబ్జెక్టుల బదులు చెల్లుతాయి అన్నది అందులో రాసి విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకాలు పెడతారు. అక్కడికి వెళ్లాక ఒక సబ్జెక్టు రద్దు కావచ్చు, రెండు తరగతులు ఒకే సమయానికి పడొచ్చు, పాఠం స్థానిక భాషలో జరుగుతుందని తెలియవచ్చు. అప్పుడు సబ్జెక్టు మార్చుకుంటారు. మార్చిన ప్రతిసారీ ఆ ఒప్పందాన్ని తిరగరాయించి సంతకాలు తెచ్చుకోవాలి. చాలామంది ఇక్కడే ఏమరుపాటుగా ఉంటారు. ఇక్కడి విభాగాధిపతి ఫోన్‌లో "సరేలే, తీసుకో" అన్న మాట ఏడాది తరువాత పరీక్షల విభాగంలో చెల్లదు.

గ్రేడ్ల సంగతి మరొకటి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాసు, 5.0 ఫెయిలు. అంకె తగ్గేకొద్దీ మంచిదన్నమాట. ఫ్రాన్స్‌లో 20కి లెక్కిస్తారు, 10 వస్తే పాసు, 14 వస్తే బాగా చదివినట్టు. ఇటలీలో 30కి 18 పాసు. ఫ్రాన్స్‌లో 20కి 14 తెచ్చుకున్న అమ్మాయి మార్కుల్ని నేరుగా 70 శాతం అని రాసుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అక్కడ 18, 19 ఇవ్వడమే అరుదు. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్‌తోపాటు ఆ దేశపు గ్రేడింగ్ వివరణ కూడా అడిగి తెచ్చుకోవాలి.

మన ప్రభుత్వ నియమాలు కూడా ఇటీవల ఈ దారికి అనుకూలంగా మారాయి. 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. విద్యార్థి వేర్వేరు సంస్థల్లో సంపాదించిన క్రెడిట్లను ఒకే ఖాతాలో జమచేసే ఏర్పాటు అది. 2022 మేలో యూజీసీ తెచ్చిన నిబంధనలు భారతీయ, విదేశీ సంస్థలు కలిసి ట్వినింగ్, జాయింట్, డ్యుయల్ డిగ్రీలు నడపడానికి వీలు కల్పించాయి. ట్వినింగ్ పద్ధతిలో విద్యార్థి మొత్తం క్రెడిట్లలో 30 శాతం వరకు విదేశీ సంస్థలో చదవొచ్చు. నాలుగేళ్ల కోర్సులో అది రెండు సెమిస్టర్లకు పైమాటే. నియమం ఉంది కదా అని ప్రతి కాలేజీలోనూ ఆ సౌకర్యం ఉండదు. చేరేముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

డబ్బు లెక్క చెనిక్కాయల్లో

జర్మనీకి వెళ్లే విద్యార్థి తన ఖర్చులకు డబ్బుందని చూపడానికి ప్రత్యేక ఖాతాలో సొమ్ము ముందే వేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. కొద్ది నెలలకే వెళ్లేవాళ్లు ఆ నెలల మేరకు లెక్కచూపుతారు. యూరోకు వంద రూపాయలు వేసుకుంటే నెలకు 99,200 రూపాయలు. 2025-26 ఖరీఫ్‌కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధరకు అమ్మినా ఒక్క నెల ఖర్చుకు దాదాపు 13 క్వింటాళ్ల 66 కిలోల చెనిక్కాయలు కావాలి. గాండ్లపెంట మెట్టభూమిలో ఎకరాకు నాలుగు క్వింటాళ్లు వచ్చాయనుకున్నా అది దాదాపు మూడున్నర ఎకరాల పంట, విత్తనం, ఎరువు, కూలీల ఖర్చు తీయకముందు. ఐదు నెలలకు పదిహేడు ఎకరాలు దాటుతుంది.

ఈ లెక్క ఎవరినీ నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. రైతు కుటుంబం సొంత డబ్బుతో సెమిస్టర్ పంపడం కష్టమని, ఉపకారవేతనం ఉన్న దారుల్నే ముందు వెతకాలని చెప్పడానికి. రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్యానిధి పథకాలు ప్రధానంగా పూర్తి డిగ్రీల కోసం ఉద్దేశించినవి. ఒక సెమిస్టర్‌కు కావాలంటే ఎరాస్మస్ కింద ఒప్పందమున్న కాలేజీలను, ఆయా దేశాల విద్యా సంస్థలు ఇచ్చే స్వల్పకాలిక ఉపకారవేతనాలను చూడాలి. జర్మనీకి డాడ్, ఫ్రాన్స్‌కు క్యాంపస్ ఫ్రాన్స్ వంటి సంస్థలు ఈ సమాచారం ఇస్తాయి. ఏజెంటు అవసరం లేదు.

చివరి నెలలో చేయాల్సిన పనులు

ముగింపు దగ్గరపడేకొద్దీ పరీక్షలు, స్నేహితుల వీడ్కోళ్లు, చూడని ఊళ్లు చూసేద్దామన్న తొందర అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. ఆ సందడిలో కాగితాల పని వెనకబడుతుంది. ఇంటికొచ్చాక అదే పని పదింతల కష్టమవుతుంది.

ముందుగా తేదీలు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. పాఠాలు ఫిబ్రవరి దాకా సాగుతాయి, కొన్ని పరీక్షలు ఆ తరువాత ఉంటాయి. స్వీడన్‌లో శరత్కాల సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై జనవరి మధ్యలో ముగుస్తుంది. మన కాలేజీల్లో రెండో సెమిస్టర్ చాలాచోట్ల డిసెంబరు, జనవరి నెలల్లోనే మొదలవుతుంది. అంటే అక్కడ పరీక్ష రాస్తున్న రోజుల్లో ఇక్కడ హాజరు పోతుంటుంది. హాజరు మినహాయింపు ముందే రాయించుకోకపోతే 75 శాతం నిబంధన దగ్గర చిక్కుకుంటారు. తిరుగు టికెట్ కొనేముందు పరీక్షల తేదీలతోపాటు, ఫెయిలైతే మళ్లీ రాసే అవకాశం ఎప్పుడుందో కూడా చూసుకోవాలి.

రెండోది వీసా గడువు. యూరప్‌లోని షెంగెన్ దేశాల స్వల్పకాలిక వీసా 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వదు. సెమిస్టర్ అంతకన్నా పొడుగు కాబట్టి విద్యార్థులు ఆ దేశపు దీర్ఘకాలిక వీసా, కొన్ని దేశాల్లో నివాస అనుమతి కార్డు తీసుకుంటారు. దాని మీది తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ముందుముందు వీసాలకు అది అడ్డంకి. చివర్లో నాలుగు దేశాలు తిరిగొద్దామనుకునేవాళ్లు ఈ తేదీని కళ్లముందు పెట్టుకోవాలి.

మూడోది ఇల్లు. జర్మనీలో యజమాని మూడు నెలల మూల అద్దె వరకు అడ్వాన్సు తీసుకోవచ్చని చట్టం చెబుతుంది. ఖాళీ చేశాక గది చూసి, కరెంటు, నీళ్ల లెక్కలు తేలాక ఆ సొమ్ము తిరిగిస్తారు. ఇందుకు నెలలు పట్టొచ్చు. గదిలో దిగిన రోజు, వదిలిన రోజు ఫొటోలు తీసి, ఇద్దరూ సంతకం పెట్టిన అప్పగింత కాగితం దగ్గరుంచుకుంటే వాదన ఉండదు. ఊరు విడిచేటప్పుడు పురపాలక కార్యాలయంలో నివాస నమోదు కూడా రద్దు చేయించుకోవాలి. ఆ రసీదు బీమా, బ్యాంకు, ఇంటర్నెట్ ఒప్పందాలు ముగించడానికి పనికొస్తుంది.

నాలుగోది బ్యాంకు. అడ్వాన్సు తిరిగొచ్చేదాకా అక్కడి ఖాతా తెరిచి ఉంచాలి. కానీ ఆ ఖాతాకు రహస్య సంఖ్య (ఓటీపీ) వచ్చేది అక్కడి సిమ్‌కు. సిమ్ ఆపేసి ఇంటికొస్తే ఖాతాలో డబ్బుండి కూడా చేతికి రాదు. ఫోన్ నంబరు మార్చుకోవడం, ఖర్చుకాని సొమ్ము ఏ ఖాతాకు పంపాలో రాసివ్వడం ఆ దేశంలో ఉండగానే చేయాలి.

ఐదోది ట్రాన్స్‌క్రిప్ట్. చాలాసార్లు అది విద్యార్థి తిరిగొచ్చిన తరువాతే సిద్ధమవుతుంది. ఎరాస్మస్ నియమాల ప్రకారం ఫలితాలు వెలువడ్డాక ఐదు వారాల లోపు పంపాలి. ఏ చిరునామాకు, ఏ మెయిల్‌కు పంపుతారో, ఇక్కడి కాలేజీకి నేరుగా పంపుతారో లేదో అంతర్జాతీయ విభాగంలో అడిగి రాయించుకోవాలి. దానితోపాటు ప్రతి సబ్జెక్టు పాఠ్యప్రణాళిక ప్రతిని దాచుకోవాలి. రెండేళ్ల తరువాత ఉద్యోగానికో, పీజీకో అవసరపడినప్పుడు వెబ్‌లో అది ఉండకపోవచ్చు.

అక్కడి చదువు ఏం మారుస్తుంది?

కాగితాలు సరిచూసుకున్నాక అసలు విషయానికి వద్దాం. కదిరిలో ఇంటర్, అనంతపురంలో బీటెక్ చదివిన పిల్లలకు యూరప్ తరగతి మొదట ఖాళీగా అనిపిస్తుంది. వారానికి పాఠాలు తక్కువ. రోజూ హాజరు పిలిచేవాళ్లు చాలాచోట్ల ఉండరు. చదవాల్సిన పుస్తకాల పట్టిక ఇచ్చి వదిలేస్తారు. స్వీడన్‌లో సెమిస్టర్‌ను ముక్కలు చేసి ఒక్కో ముక్కలో రెండే సబ్జెక్టులు నడుపుతారు. అవి అయ్యాకే తరువాతివి. ఇటలీలో చాలా పరీక్షలు నోటితోనే, ప్రొఫెసరు ఎదురుగా కూర్చుని. పుస్తకంలోది పొల్లుపోకుండా అప్పజెప్పే అలవాటు అక్కడ ఉపయోగపడదు. "నువ్వేమనుకుంటున్నావు? ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఎవరి వాక్యమైనా పేరు చెప్పకుండా వాడుకుంటే అది దొంగతనం కిందే లెక్క, సబ్జెక్టే పోతుంది.

బయటి జీవితమూ పాఠమే. గాండ్లపెంట ఉన్నది దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. ఏడాదిలో అతి చిన్న పగలు కూడా మనకు పదకొండు గంటలు దాటుతుంది. 56 డిగ్రీల దగ్గరున్న కార్ల్స్‌క్రూనాలో డిసెంబరు పగలు ఏడు గంటలే. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. ఎండను తప్పించుకుని బతకడం నేర్చిన మన పిల్లలు ఎండకోసం వెతుక్కుంటారు. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకూ మధ్య ఐరోపాకూ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. కుర్రాడు తరగతి ముగించుకుని ఫోన్ చేసేసరికి ఇంట్లోవాళ్లు నిద్రకు పడతారు. చలి, చీకటి, ఒంటరితనం కలిసి దిగులు పుట్టిస్తాయి. వంట, బట్టలు, అద్దె, డాక్టరు అన్నీ సొంతంగా చూసుకుంటూ ఆ దిగులు దాటినవాడిలో వచ్చే ధైర్యం ఏ ట్రాన్స్‌క్రిప్ట్‌లోనూ కనిపించదు. ఇంటివాళ్లు గమనించాల్సింది దాన్నే.

తిరిగొచ్చాక వచ్చే రెండో దిగులు

కొత్త దేశంలో మొదట ఉత్సాహం, తరువాత కుంగుబాటు, ఆపైన అలవాటు పడటం జరుగుతాయని నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లీస్‌గార్డ్ 1955లో రాశారు. అమెరికాలో చదివి వచ్చిన నార్వే పండితులను ఆయన పరిశీలించారు. 1963లో గల్లహార్న్ దంపతులు ఆ పరిశీలనను పొడిగించారు. సొంతూరుకు వచ్చాక అదే ఎగుడుదిగుడు మళ్లీ వస్తుందని చూపించారు. అందరికీ ఒకేలా జరగదని తరువాతి పరిశోధకులు చెప్పినా, తిరిగొచ్చినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఎదురవుతుంది.

ఎందుకు? వెళ్లేటప్పుడు కష్టం ఉంటుందని అందరూ హెచ్చరిస్తారు. ఇంటికొచ్చేటప్పుడు కష్టముంటుందని ఎవరూ చెప్పరు. ఊరు మారలేదు, తాను మారాడు. కాలేజీలో స్నేహితులు తను లేని ఆరు నెలల్లో వేరే జట్లు కట్టేశారు. యూరప్ కబుర్లు రెండుమూడు రోజులు వింటారు, తరువాత "ఇంక చాల్లేరా" అంటారు. బస్టాండులో చెత్త చూసి విసుక్కుంటే "యూరప్ గాలి సోకిందబ్బా" అంటారు. అక్కడున్నప్పుడు సంగటి, ఊరిబిండి కోసం తపించినవాడికి ఇక్కడికొచ్చాక ఆ నిశ్శబ్దపు గ్రంథాలయం గుర్తొస్తుంది.

ఇది అహంకారమూ కాదు, జబ్బూ కాదు. కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఎంత ఖర్చయింది, ఎంత తెచ్చావు అనే ప్రశ్నల ముందు ఏం చూశావు, ఏది కష్టమైంది, మళ్లీ వెళ్తే ఏం వేరుగా చేస్తావు అని అడగాలి. విద్యార్థి వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త కావాలి. పోల్చడం ఆపనక్కర్లేదు, కానీ పోల్చిన ప్రతిసారీ కారణం వెతకాలి. అక్కడి బస్సు సమయానికి ఎందుకొస్తుంది, దానికి డబ్బెవరిస్తారు, మన దగ్గర ఎందుకు కుదరలేదు? కారణం దాకా వెళ్తే ఫిర్యాదు చదువవుతుంది.

మనకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. చిత్తూరు దగ్గరి కట్టమంచి నుంచి కేంబ్రిడ్జి వెళ్లి చదివిన రామలింగారెడ్డి తిరిగొచ్చి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రచురించారు. అక్కడ నేర్చిన విమర్శ దృష్టితో తెలుగు కావ్యాలను పరీక్షించారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో చీరాల-పేరాల ఉద్యమంలో ప్రజల వెంట నిలబడ్డారు. పైదేశంలో చదివింది సొంత గడ్డమీద ఏ పనికి వాడాలో ఇద్దరికీ తెలుసు.

ఎదురుదిక్కు నుంచి చూసినా అంతే. గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆ వేమనను అచ్చులోకి తెచ్చి లోకానికి చూపినవాడు కడపలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1829లో ఆయన వేమన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో ప్రచురించాడు. 1834లో ఇంగ్లండు వెళ్లినప్పుడు తెలుగు పని పక్కన పెట్టలేదు. లండన్‌లోని ఇండియా హౌస్‌లో మూలపడిన దక్షిణ భారత రాతప్రతులను గుర్తించి మద్రాసు చేరేలా చూశాడు. ఉద్యోగం మానేసి వెళ్లాక కూడా లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించాడు. పరాయి నేల మీద నేర్చుకున్నదాన్ని ఇల్లు చేరాక వదిలేయకపోవడం ఎలాగో ఆయన జీవితం చూపిస్తుంది.

ఏం తేవాలి: ఒక నిజమైన ఉదాహరణ

చెనిక్కాయ పీకినంత మాత్రాన పంట ఇంటికొచ్చినట్టు కాదని రైతుకు తెలుసు. సరిగా ఎండబెట్టకుండా గోతాల్లో నింపితే బూజు పడుతుంది. సెమిస్టర్ అనుభవానికీ ఈ జాగ్రత్త అవసరమే. అయితే ఆ బూజు గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే యూరప్‌కూ మన చేనుకూ సూటిగా సంబంధం అక్కడే ఉంది.

ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేసి నేల కాగితే, పురుగు కాయను తొలిస్తే, తడి ఆరకముందే నిల్వచేస్తే అది పెరుగుతుంది. కాలేయానికి హానిచేసే విషమది. నేరుగా తినే వేరుశనగలో కిలోకు మొత్తం నాలుగు మైక్రోగ్రాములకు మించి ఉండకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. వెయ్యి టన్నుల గింజల్లో నాలుగు గ్రాములన్నమాట. మన దేశం అనుమతించే మోతాదు అంతకన్నా ఎక్కువ. మెట్ట వేరుశనగే ఆధారమైన మన ప్రాంతానికి మంచి ధర పలికే సంతకు అడ్డుగోడ ఇది.

వ్యవసాయమో, ఆహార సాంకేతికతో చదివే గాండ్లపెంట అమ్మాయి నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ వంటి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ గడిపిందనుకుందాం. నమూనా ఎలా తీస్తారు, పరీక్ష ఎలా చేస్తారు, సరుకును ఎందుకు వెనక్కి పంపుతారు అన్నది అక్కడే నేర్చుకోవచ్చు. ఇంటికి వస్తే దగ్గర్లోనే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు అక్కడి నుంచి వచ్చినవే. అక్కడి శాస్త్రవేత్తలను కలిసి తన ప్రాజెక్టు పనిని మన కళ్లాల్లో కాయ ఎండబెట్టే తీరు మీద చేస్తే, ఆరు నెలల చదువు ఊరికి చేరుతుంది. నీటి పొదుపు, సౌరవిద్యుత్తు, చేనేత, పర్యాటకం, ఏ శాఖలోనైనా ఇలాంటి ముడి ఒకటి దొరుకుతుంది. వెళ్లేముందే మన ఊరి ప్రశ్న ఒకటి రాసుకుని వెళ్లినవాళ్లకు అక్కడ ఏ సబ్జెక్టు తీసుకోవాలో కూడా సులభంగా తెలుస్తుంది.

వెళ్లడమే కాదు, రానివ్వడం కూడా

అనంతపురం పల్లెలకు యూరప్ పూర్తిగా పరాయిది కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి, ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపించి, 2009లో ఈ నేలమీదే కన్నుమూశారు. ఆ సంస్థ ద్వారా మన ఊళ్ల పిల్లలు స్పెయిన్‌లోని కుటుంబాలకు ఉత్తరాలు రాస్తూ పెరిగారు. అనంతపురంలో అదే సంస్థ గ్రామీణ పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషలు నేర్పుతోంది. చాలా జిల్లాలకు లేని పునాది ఇది. సెమిస్టర్‌కు వెళ్లాలనుకునే పిల్లలు స్థానిక భాష మొదటి మెట్టు ఇక్కడే ఎక్కి వెళ్లగలిగితే, అక్కడ గది వెతుక్కోవడం నుంచి ప్రయోగశాలలో స్నేహితుల్ని సంపాదించడం దాకా అన్నీ తేలికవుతాయి.

ఇక తిరిగొచ్చినవాళ్ల వంతు. క్రెడిట్లు నమోదయ్యాక ఆ విద్యార్థి చేయదగిన పనులు మూడు. లెర్నింగ్ అగ్రిమెంట్, ఖర్చుల పట్టిక, తాను తీసుకున్న సబ్జెక్టుల వివరాలు కాలేజీ గ్రంథాలయంలో ఉంచడం, తరువాత వెళ్లేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకుండా. మండలంలోని ఉన్నత పాఠశాలకు వెళ్లి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇలాంటి దారి ఒకటుందని చెప్పడం. మూడోది, ఎక్స్‌ఛేంజ్ ఒప్పందంలోని రెండో సగాన్ని నిలబెట్టడం. ఒప్పందం ప్రకారం అక్కడి విద్యార్థి ఇక్కడికి రావాలి. మన కాలేజీలకు ఆ రాక చాలా తక్కువ. వచ్చేవాళ్లకు చూపించడానికి మనకేమీ లేదనుకోవడమే దానికి ఒక కారణం.

కటారుపల్లిలో వేమన ఉన్నాడు. కరువులో వేరుశనగ పండించే నేర్పు ఉంది. నాలుగు చినుకులను చెరువులో పట్టి ఊరంతా పంచుకున్న చరిత్ర ఉంది. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో తక్కువ నీటితో బతకడం యూరప్ కూడా నేర్చుకోవాల్సిన విద్యే. యూరప్ విద్యార్థి ఒకరు కదిరి పరిశోధన స్థానంలో ఒక సెమిస్టర్ పని చేయాలంటే, వాళ్ల కాలేజీతో మాట్లాడగలిగేది, వాళ్ల భయాలు తెలిసినది, అక్కడ ఆరు నెలలు ఉండి వచ్చిన మన విద్యార్థే. "ఏం సాధించినాడు?" అని అడిగే ఊరికి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు. తన తరువాత ఈ మండలం నుంచి మరొకరు వెళ్లేలా, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి వచ్చేలా చేసినవాడి సెమిస్టరే నిండుగా పూర్తయినట్టు.